ఏ పురుగైతేనేం?

పెరటిచెట్టు మందుకు రాదని మనకొక సామెత ఉంది. ఇంట్లోవాడి తెలివి ఇంట్లోవాళ్ళకు ఆనదని చెప్పడానికి దాన్ని వాడుతుంటాం. సామెతను కాస్త పక్కకు తిప్పి చూస్తే మరో సంగతి కూడా కనబడుతుంది. రోజూ కళ్ళెదుట ఉండే చెట్టునే మనం సరిగా చూడం. ఇక ఆ చెట్టు మీద, ఆకు అడుగున, బెరడు పగుళ్ళలో, కాయ తొడిమ దగ్గర కాపురాలు చేస్తున్న వాటి మాట చెప్పనక్కర్లేదు. అవి ఉన్నాయని మనకు తెలిసేది రెండే సందర్భాల్లో: ఒళ్ళు కుట్టినప్పుడు, కాయ పాడైనప్పుడు. ఈ రెండూ జరగనంత కాలం అవి లేనట్టే లెక్క. జరిగిన మరుక్షణం వాటన్నిటికీ మనం పెట్టే పేరు ఒకటే, పురుగు. చేసే పని ఒకటే, మందు కొట్టడం.

నేనిక్కడ అడగదలచుకున్న ప్రశ్న చిన్నది. పేరు కూడా తెలియని ప్రాణి మీద తీర్పు చెప్పే హక్కు మనకెక్కణ్ణించి వచ్చింది? పురుగుల్ని అసలు చంపనే కూడదని వాదించడానికి ఇది రాయడం లేదు. అలా వాదించేవాడు బియ్యం చెరగకుండా వండుకోవాలి, దోమ వాలితే చెయ్యి కదపకుండా కూర్చోవాలి. అంతటి నిష్ఠ నాకు లేదు, ఈ పత్రిక చదివేవాళ్ళలో ఎక్కువమందికి ఉంటుందనీ అనుకోను. చంపాలా వద్దా అనే దానికి ముందు ఒక మెట్టుంది. చూడడం. ఆ మెట్టును దాటేసి వెళ్ళడం నీతికి సంబంధించిన విషయమేనా అన్నదే నా ప్రశ్న.

మా హోసూరు ఇంటి వెనక ఉన్నది పెద్ద తోటేం కాదు. ఒక జామ, ఒక సీతాఫలం, రెండు బొప్పాయిలు, ఒక కరివేపాకు, గోడవార తనంతట తానే మొలిచిన మేడి. బొప్పాయిని మా పెద్దవాళ్ళు పరంగికాయ అంటారు. పక్కింటి తమిళులకు పరంగికాయ అంటే గుమ్మడి. ఈ తికమక మీద రెండిళ్ళ ఆడవాళ్ళూ ఎన్నిసార్లు నవ్వుకున్నారో లెక్కలేదు. పరంగి అంటే పరదేశి. పేరు నిజమే చెబుతోంది. బొప్పాయి పోర్చుగీసువాళ్ళ ఓడల కాలంలో అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. జామా అంతే, సీతాఫలమూ అంతే. సీతమ్మ పేరు పెట్టుకున్నంత మాత్రాన అది దండకారణ్యంలో పుట్టలేదు. ఇవాళ ఆ మూడింటినీ ఎవరూ పరాయివనుకోరు. నాటిన చోట వేళ్ళు దిగాయి, పళ్ళిస్తున్నాయి, అంతే.

ఆ బొప్పాయి ఆకుల అడుగున ఒక వేసవిలో పిండి చల్లినట్టు తెల్లగా కనబడింది. గులాబీ తోటల్లో మందు కొట్టే పని చేసే కుర్రవాడొకడు మా వీధిలోనే ఉంటాడు. అటుగా పోతూ చూసి, "సార్, రెండు మూతల మందు చాలు. సాయంత్రానికి మొత్తం రాలిపోతుంది" అన్నాడు. ఏం పురుగని అడిగాను. "ఏ పురుగైతేనేం సార్, పురుగే కదా" అన్నాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు. అతనికి కూలి దొరికేది మందు కొట్టినందుకు. పురుగు పేరు చెప్పినందుకు ఎవరూ పైసా ఇవ్వరు. రెండు రోజులాగమని అతన్ని పంపించి, మా నాన్నగారి పెట్టెలో ఉన్న భూతద్దం తీశాను.

తెల్లపిండి పిండి కాదు. అది మైనం. ఆ మైనం కింద మెత్తగా, పచ్చగా, రెండు మూడు మిల్లీమీటర్ల ప్రాణులు ఆకు ఈనెల వెంట బారులు తీరి ఉన్నాయి. వ్యవసాయంవాళ్ళు వీటిని పిండినల్లి అంటారు. మూతిని ఆకులో దించి రసం పీలుస్తాయి. మిగిలిన తీపి రసాన్ని బయటికి వదులుతాయి. ఆ తీపి కోసం చీమలు కాండం మీద దారి వేసుకుని వస్తాయి. ఇంతవరకు ఊహించినదే.

ఆ గుంపులో ఒకటి మాత్రం మిగతా వాటిలా లేదు. అదీ తెల్లగానే ఉంది, దాని ఒంటి మీదా మైనం పోగులే ఉన్నాయి. కాని పోగులు పొడుగు, నడక చురుకు. చూస్తుండగానే పక్కనున్న పిండినల్లిని పట్టుకుని తినేసింది. అది అక్షింతల పురుగుకు చుట్టమైన ఒక పెంకుపురుగు పిల్ల. శాస్త్రజ్ఞులు క్రిప్టోలేమస్ అంటారు. 1898లో కాఫీ తోటల్లో మరో చీడను అదుపు చెయ్యడానికి ఆస్ట్రేలియా నుంచి దీన్ని మనదేశానికి తెచ్చారు. తెచ్చిన పనికి అంతగా పనికిరాలేదు గాని ఇక్కడే ఉండిపోయి పిండినల్లుల మీద పడింది. పెద్దదయ్యాక నల్లటి ఒళ్ళు, నారింజరంగు తల. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం తాను తినబోయే వాటి వేషమే దాని వేషం.

మర్నాడు అదే ఆకు మీద మరో వేషగాడు కనబడ్డాడు. పిండి మెత్తుకున్న చిన్న మాంసపు ముద్దలా ఉంది. పిండినల్లుల మధ్య కదలీ కదలకుండా పడి ఉండి వాటినే తింటోంది. అదొక గొంగళి. గొంగళి అంటే ఆకులు తినేదని మనకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఇది ఆకు ముట్టదు. కొన్నాళ్ళకు అది గూడు కట్టుకున్నప్పుడు భూతద్దంలో చూస్తే నాకు నవ్వాగలేదు. ఆ గూటి మీద కళ్ళు, ముక్కు, మూతితో సహా అచ్చం కోతి మొహం. అందులోంచి వచ్చింది బూడిదరంగు రెక్కల చిన్న సీతాకోకచిలుక. స్పాల్గిస్ ఎపియస్ అని దాని శాస్త్రీయ నామం. దానికి తెలుగులో పేరుందేమో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఆ కుర్రవాడి రెండు మూతల మందు పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పిండినల్లికి పైన మైనం కవచముంది. మందు దానికి అంత తొందరగా తగలదు. పోయేవి ముందు ఆ రెండు వేషగాళ్ళే. చెట్టును కాపాడుతున్నవాళ్ళను చెట్టును కాపాడే పేరుతో చంపి, చెట్టును తినేదాన్ని మిగిల్చి ఉండేవాళ్ళం. పదిహేను రోజులకు మళ్ళీ తెల్లగా కనబడితే ఇంకో రెండు మూతలు పోసేవాళ్ళం. తెల్లగా ఉన్నవన్నీ ఒకటేననుకున్నవాడికి ఈ ముగ్గుర్లో ఎవరు ఎవరో తేల్చుకునే దారి ఉండదు.

ఇది నా పెరటి ముచ్చట మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. తమిళనాడులో ఉన్న తెలుగు రైతులకు 2008 గుర్తుండే ఉంటుంది. బొప్పాయి పిండినల్లి మనదేశంలో మొదట కనబడింది ఆ యేడు కోయంబత్తూరులో. రెండేళ్ళలో బొప్పాయినే గాక మల్బరీ, కర్రపెండలం, పత్తి, ఇంటిముందు మందారం దాకా పాకింది. రైతులు మందు మీద మందు కొట్టారు. అప్పుచేసి కొట్టారు. ఫలితం లేక తోటలు పీకేసినవాళ్ళున్నారు. 2010లో బెంగుళూరులోని కేంద్ర ప్రభుత్వ కీటక పరిశోధన సంస్థవాళ్ళు అమెరికా వ్యవసాయ శాఖ సాయంతో పోర్టోరికో నుంచి మూడు రకాల కందిరీగలను తెప్పించి, పరీక్షించి, అక్టోబరులో కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మొదటిసారి వదిలారు. కందిరీగలంటే మనల్ని కుట్టేవి కావు. వాటిలో బాగా నిలదొక్కుకున్న అసెరోఫేగస్ పపాయే ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అది పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలే పెరిగి దాన్ని డొల్ల చేసి బయటికొస్తుంది. ఏడాది తిరిగేసరికి చాలాచోట్ల చీడ అదుపులోకి వచ్చింది. డబ్బాలకొద్దీ మందు చెయ్యలేని పని కంటికి ఆనని ప్రాణి చేసింది.

ఈ కథలో నన్ను ఆపిన వాక్యం ఇంకొకటుంది. ఆ పిండినల్లి పుట్టిన మెక్సికో ప్రాంతంలో అదంత పెద్ద చీడేం కాదు. దానికి శాస్త్రజ్ఞులు పేరు పెట్టిందే 1992లో. అంతవరకు దాన్ని పట్టించుకోవలసిన అవసరం ఎవరికీ పెద్దగా రాలేదు. అక్కడ దాన్ని తినేవి దాని పక్కనే ఉన్నాయి. ఇక్కడికి ఒంటరిగా వచ్చింది, చీడ అయింది. దాని శత్రువు వచ్చాక మళ్ళీ మామూలు ప్రాణి అయింది. పురుగు మారలేదు. చుట్టూ ఉన్నవి మారాయి. అంచేత చీడ అనేది ఏ ప్రాణి పుట్టుకతోనూ వచ్చే గుణమని చెప్పలేం. అది ఒక సంబంధం పేరు. ఎక్కడ, ఎవరితో, ఎన్ని ఉన్నప్పుడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలియకుండా దేన్నీ చీడ అనడానికి లేదు.

ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమల్ని చూడండి. మామిడికాయ కోసేవాడికి అవి పరమ శత్రువులు. మెడ మీద పడి కరిస్తే చెట్టు దిగి పరుగెత్తాల్సిందే. క్రీస్తుశకం 304 నాటిదని చెప్పే ఒక చైనా గ్రంథంలో ఇవే చీమల గూళ్ళను సంతలో అమ్మేవారనీ, నారింజ తోటల కాపలాకు కొనేవారనీ ఉంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసులు వాటితో పచ్చడి చేసుకుంటారు. 2024 జనవరిలో ఆ పచ్చడికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకరికి శత్రువు, ఒకరికి కాపలాదారు, ఒకరికి కంచంలో కూర. చీమ మాత్రం ఒకటే. అది తన గూడు ఎలా కడుతుందో చూసినవాళ్ళు ఎంతమంది? పెద్దచీమలకు పట్టు తీసే శక్తి లేదు, ఆ పని పిల్లలదే. కొన్ని చీమలు ఆకుల అంచుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటే, మరికొన్ని పిల్లను నోట కరుచుకుని సాలెవాడు కండెను ఆడించినట్టు ఈ అంచుకూ ఆ అంచుకూ ఆడిస్తాయి. షోలాపూరులో మగ్గాల మీద బతికిన పద్మశాలీల ఇళ్ళలో దీన్ని చెబితే మనకంటే బాగా అర్థం చేసుకుంటారు.

ఇక గోడవారనున్న మేడి. మేడిపండు పేరెత్తగానే తెలుగువాడికి వేమన గుర్తొస్తాడు. పైకి మేలిమిగా కనబడి లోపల కుళ్ళున్న మనిషికి ఆ పండునే ఆయన పోలిక తెచ్చాడు. ఆయన మాట్లాడింది మనుషుల గురించి, అందులో తప్పేం లేదు. కాని పోలికలో పురుగుకు మాత్రం అన్యాయం జరిగింది. తమిళులు అరుదుగా జరిగేదాన్ని అత్తి పూసినట్టు అంటారు. నిజానికి అత్తి, అంటే మన మేడి, పూస్తూనే ఉంటుంది. మనం కాయ అనుకునేది వందల చిన్న పువ్వుల్ని లోపలికి తిప్పి మూటగట్టిన సంచి. ఆ సంచికి కొనన ఒక్క చిన్న రంధ్రం. ఆ రంధ్రంలోంచి దూరగలిగింది రెండు మిల్లీమీటర్లో అంతకు కాస్త అటూఇటూనో ఉండే ఒక కందిరీగ ఒక్కటే. దూరేటప్పుడు దాని రెక్కలు విరిగిపోతాయి. మరో చెట్టు నుంచి తెచ్చిన పుప్పొడిని లోపలి పువ్వులకు అంటించి, కొన్ని పువ్వుల్లో గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. పుట్టిన పిల్లల్లో మగవాటికి రెక్కలే ఉండవు. అవి ఆడవాటితో కలిసి, బయటికి దారి తవ్విపెట్టి, చాలావరకు లోకం చూడకుండానే పోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఎగిరిపోయి మరో మేడి వెతుక్కుంటాయి. ఆ కందిరీగ రాని పిందె సాధారణంగా రాలిపోతుంది.

పొట్ట విప్పితే కనబడే ఆ పురుగులు పండుకు పట్టిన తెగులు కావు. అవి లేకపోతే మేడికి గింజ లేదు, గింజ లేకపోతే మేడి లేదు, మా గోడవార ఆ మొక్క మొలిచేది కాదు. ఎన్నో వందల ఏళ్ళుగా మనం కపటానికి గుర్తుగా పెట్టుకున్నది చెట్టుకూ కీటకానికీ మధ్య ఉన్న నమ్మకమైన బంధాల్లో ఒకటి. వేమన కాలంలో ఈ సంగతి తెలిసే వీలు లేదు. మనకు ఉంది. తెలిసే వీలుండీ తెలుసుకోకపోవడం మొదటిదాని లాంటిది కాదు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. విషానికి మనం మందు అని పేరు పెట్టుకున్నాం. పురుగుమందు. తమిళంలోనూ ఆ మాటే. ఒంటికి నలత చేస్తే వేసుకునేదీ మందే, ప్రాణం తీసేదీ మందే. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి మీద లద్దెపురుగు విరుచుకుపడినప్పుడు, ఎంత కొట్టినా పురుగు చావనప్పుడు, అప్పుల్లో కూరుకుపోయిన రైతులు ఆ మందే తాగారు. పురుగును చంపని మందు మనిషిని చంపింది. ఆ చావులకు కారణాలు చాలా ఉన్నాయి, అప్పూ వర్షమూ ధరా అన్నీ కలిసి చేసిన పని అది. వాటిలో ఒకటి మాత్రం నా ప్రశ్నకు దగ్గరగా ఉంది. ఏ పురుగుకు ఏది కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో నిర్ణయించే పని రైతు చేతుల్లోంచి దుకాణదారు చేతుల్లోకి జారిపోయింది. చూసేవాడొకడు, అమ్మేవాడొకడు అయ్యాడు.

చూడడం తీరికున్నవాళ్ళ విలాసమని ఎవరైనా అనొచ్చు. పింఛను తీసుకుంటూ భూతద్దం పట్టుకున్నవాడు ఎన్నయినా చెబుతాడు, కౌలు కట్టాల్సిన రైతుకు అంత వ్యవధి ఎక్కడిదని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని పురుగుల్ని అందరికంటే ముందు చూసింది రైతే. తొలకరిలో ఆరుద్ర కార్తెకు నేల మీద ఎర్రటి మఖమల్ బొట్టులా కనబడేదానికి ఆరుద్ర పురుగని పేరు పెట్టింది ఎవరు? అక్షింతల పురుగు, గొల్లభామ, పేనుబంక, తేనెమంచు పురుగు, ఈ పేర్లు ప్రయోగశాలలో పుట్టలేదు. ఇండొనేషియాలో వరి మీద దోమ విపరీతంగా పెరిగినప్పుడు, దాన్ని తినే సాలీళ్ళు మందు వల్ల చచ్చిపోవడమే కారణమని తేలింది. 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించింది. తర్వాత 1989 నుంచి పొలంలోనే బడులు పెట్టి రైతులకు నేర్పిన మొదటి పాఠం మందు గురించి కాదు. వారం వారం చేలోకి దిగి, దుబ్బు దగ్గర కూర్చుని, ఏది ఏదాన్ని తింటోందో చూసి బొమ్మ గీయడం. బీద రైతులే ఆ పని చేశారు. చూడడం ఖర్చు తగ్గించింది.

ఇంకొక చిక్కు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. తెలుసుకోవడానికి కూడా చంపుతారు. 1982లో టెర్రీ ఎర్విన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు రెండే పేజీల వ్యాసం రాశాడు. పనామా అడవిలో ఒకే జాతికి చెందిన 19 చెట్ల మీదికి పురుగుమందు పొగ వదిలి, కింద పరిచిన వాటిలో రాలిపడిన పెంకుపురుగుల్ని లెక్కపెట్టాడు. దాదాపు 1,200 రకాలున్నాయి. దాన్నిబట్టి ఉష్ణదేశాల్లో మూడు కోట్ల రకాల కీటకాలూ వాటి చుట్టాలూ ఉండవచ్చని అంచనా కట్టాడు. ఆ అంకె మరీ ఎక్కువని తర్వాతివాళ్ళు తగ్గించారు. తగ్గించినా, ఇంతవరకు పేరు పెట్టిన కీటకాలు సుమారు పది లక్షలైతే, పేరు లేనివి అంతకు నాలుగైదింతలు ఉండవచ్చంటున్నారు. మనకొచ్చిన ఈ వినయం కూడా పొగ పెట్టి చంపితే వచ్చిందే. కొత్త జాతికి పేరు పెట్టాలన్నా సాధారణంగా ఒకదాన్ని చంపి, సూదికి గుచ్చో అద్దం మీద పరిచో భద్రపరచాలి. బొప్పాయి పిండినల్లిని గుర్తుపట్టి కోయంబత్తూరు రైతును గట్టెక్కించింది కూడా అలా అద్దాల మీద పరిచిన శవాల చదువే.

అయితే ఆ శాస్త్రజ్ఞుడికీ "ఏ పురుగైతేనేం" అన్నవాడికీ తేడా ఏమిటి? ఇద్దరి చేతుల్లోనూ అదే పొగ, అదే మందు. నాకు తోచినంతవరకు తేడా ఇది. శాస్త్రజ్ఞుడు చంపింది ఆ ప్రాణి ఎవరో తెలుసుకోవడానికి, తెలిశాక దానికి లెక్క చెప్పడానికి. రెండోవాడు చంపుతున్నది తెలుసుకునే శ్రమ తప్పించుకోవడానికి. మొదటివాడికి ఆ చావు ఒక భారం కావచ్చు. రెండోవాడికి అసలు చావే జరగలేదు, మరక తుడిచాడంతే. హింస లేని బతుకు మనకు సాధ్యం కాదు. లెక్క చెప్పుకోగల హింసకూ లెక్కలోకే రాని హింసకూ మధ్య గీత గీసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. చూడడం నీతికి సంబంధించిన విషయమేనని నేననేది ఇందుకే. చూశాక చంపాల్సి రావచ్చు. చూసినవాడు రెండు ఆకులు తుంచి పారేస్తే సరిపోయే చోట చెట్టంతా తడపడు. చంపినా ఎంత, ఎందుకు అని తనకు తాను జవాబు చెప్పుకోగలడు.

మనలాంటివాళ్ళకు ఈ సంగతి కాస్త తొందరగా అర్థమవ్వాలి. జనాభా లెక్కల పట్టికల్లో రాష్ట్ర భాష ముందుంటుంది, తర్వాత ఒకటి రెండు భాషలు, చివర "ఇతరులు" అని ఒక గడి. ఆ గడిలో మూడు నాలుగు వందల ఏళ్ళుగా ఇక్కడే పుట్టి ఇక్కడే పోతున్న ఇళ్ళున్నాయి. దూరం నుంచి చూసేవాడికి అందరూ ఒకటే. దగ్గరికొస్తే హోసూరు తెలుగు వేరు, బళ్ళారి తెలుగు వేరు, బరంపురం తెలుగు వేరు. "పురుగు" కూడా అలాంటి గడే. అయితే ఈ పోలికను పొడిగించకూడదు. ఓడల్లోనో పార్సిళ్ళలోనో వచ్చి పంటను తినే కీటకం వేరు, పొట్ట చేతబట్టుకుని వచ్చి చెరువులు తవ్వి పంట పండించిన మనిషి వేరు. మనుషుల్ని చీడలతో పోల్చిన రాజకీయాలు ఎక్కడికి దారితీశాయో చరిత్ర చెబుతూనే ఉంది. పోలిక ఉన్నది వాళ్ళలో కాదు, చూసేవాడి సోమరితనంలో.

పేర్ల సంగతి కూడా మనకే ఎక్కువ తగులుతుంది. మా అమ్మ అక్షింతల పురుగు అనేది. మా మనవరాలు లేడీబర్డ్ అంటుంది. బడిలో తమిళ పేరు నేర్పారు, అదీ చక్కని పేరే. మూడు పేర్లు తెలిస్తే మూడు రకాలుగా చూడొచ్చు, నష్టం లేదు. నష్టమల్లా ఒక పేరు పోయి దాని చోట ఏ పేరూ రాకపోవడం. చింతా తుమ్మా లాంటి చెట్ల లేత కొమ్మల మీద ముల్లులా కూర్చుని, తల పక్కన రెండు కొమ్ములున్న చిన్న పురుగొకటుంటుంది. ముట్టుకోబోతే చటుక్కున కొమ్మ అవతలి వైపుకు జరిగి దాక్కుంటుంది, లేదా ఎగిరి దూకుతుంది. దాని పిల్లల చుట్టూ చీమలు గొల్లవాళ్ళలా కాపలా కాస్తాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది కొమ్మలో పుట్టించే సన్నని కంపనాలతో, మన చెవికి వినబడదు. దాన్ని మా వైపు ఏమంటారని పదిమందిని అడిగాను. ఒక ముసలాయన మాత్రం, "దానికి పేరుండేది నాయనా, మా తాత అనేవాడు, నోట్లోకి రావడం లేదు" అన్నాడు.

ఈ పత్రిక యానాంలో, బరంపురంలో, బళ్ళారిలో, షోలాపూరులో, మదురైలో చదివేవాళ్ళున్నారు. మీ పెరటి చెట్టు దగ్గర ఒక పూట నిలబడండి. భూతద్దం లేకపోతే ఫోను కెమెరా చాలు. ఆకు తిప్పి చూడండి. కనబడినదాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించి ఏమంటారో అడగండి. ఆ కొమ్ముల పురుగుకు, కోతి మొహం గూడు కట్టే సీతాకోకచిలుకకు మీ ఊళ్ళో పేరుంటే ఒక ఉత్తరం ముక్క రాయండి. పేరు లేకపోతే, అది ఏం తింటోందో, దాన్ని ఏది తింటోందో రాసినా చాలు. మందు కొట్టేది ఎలాగూ ఉంది, రెండు రోజులాగి కొట్టొచ్చు.